ఇంట్లో మోగే ఆఫీసు ఫోను: గోడకు కన్నం పెట్టకుండా

(గుంటూరులో, ఆఫీసుల నెట్‌వర్కులూ ఫోను లైన్లూ చూసుకునేవారి కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. ఫోన్ల గురించి చెప్పేచోట మాట వినిపించకపోతే పరువు పోతుంది.

ఒక ఆఫీసును ఊహించుకుందాం. మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టు, దానికి అనుబంధంగా ఊరి బయట కోల్డ్ స్టోరేజీ. ఆఫీసులో పీబీఎక్స్, అంటే లోపలి ఫోన్లని బయటి లైన్లకి కలిపే ఎక్స్ఛేంజి. అది అస్టెరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, పైన దాని సెట్టింగులు చూసే ఫ్రీపీబీఎక్స్ వెబ్ తెర. పన్నెండు ఎక్స్‌టెన్షన్లు, అంటే లోపలి నంబర్లు. అకౌంటెంటు గారు తెనాలిలో ఉంటారు, సీజన్లో రాత్రి పదింటిదాకా లెక్కలు చూస్తారు. షావుకారు మనల్ని పిలిచి ఒకటే మాట అంటారు: "201 నొక్కితే ఆయన ఇంట్లో మోగాలయ్యా, రేపటికల్లా చేసిపెట్టు."

పది నిమిషాల్లో చేసే దారి ఒకటుంది. రౌటర్లోకి వెళ్లి 5060 పోర్టునీ (ఫోన్లు కాల్ కుదుర్చుకునే సిప్ అనే పద్ధతి వాడే తలుపు), ఆడియో నడిచే 10000 నుంచి 20000 దాకా యూడీపీ పోర్టుల్నీ పీబీఎక్స్‌కి ఫార్వర్డ్ చేసి, అంటే బయటి నుంచి వచ్చేవాటిని నేరుగా దానికే పంపమని చెప్పి, తెనాలిలో ఫోనుకి ఆఫీసు పబ్లిక్ ఐపీ ఇచ్చేయడం. మోగుతుంది. షావుకారు సంతోషిస్తారు. మీకు టీ కూడా వస్తుంది.

ఆ టీ చల్లారేలోపే మీ 5060 తలుపు ఎవరో ఒకరు తడుతుంటారు. అతిశయోక్తి కాదు, లాగ్ తెరిచి చూడండి. సిప్‌విషస్ అని సిప్ భద్రతను పరీక్షించడానికి రాసిన ఓపెన్ సోర్స్ పనిముట్లున్నాయి. వాటినే దొంగపనికీ వాడుతున్నారు. ఆ స్కానర్ తన పేరు "ఫ్రెండ్లీ స్కానర్" అని చెప్పుకుంటుంది. పేరుకి స్నేహితుడే. ముందు ఏ ఐపీలో సిప్ జవాబిస్తోందో వెతుకుతుంది, తర్వాత 100, 101, 201 అంటూ ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో కూపీ లాగుతుంది, ఆ తర్వాత ఒక్కోదానికి పాస్‌వర్డులు వేసి చూస్తుంది. 201 కి పాస్‌వర్డు కూడా 201 అని పెట్టిన ఆఫీసులు మన చుట్టుపక్కలా ఉన్నాయని మీకు నేను చెప్పక్కర్లేదు. చేతులెత్తమని అడగను.

లోపలికొచ్చినవాడు మీ మాటలు వింటాడని చాలామంది భయం. మిర్చి ధర వాడికెందుకండీ! వాడికి కావాల్సింది మీ ట్రంక్, అంటే బయటి కాల్స్‌కి ఆపరేటరు ఇచ్చిన లైను. ఏదో దేశంలో నిమిషానికి ఎక్కువ చార్జీ పడే నంబర్లు ముందే తీసుకుని ఉంటాడు, వచ్చే చార్జీలో వాడికి వాటా. మీ పీబీఎక్స్ నుంచి ఆ నంబర్లకి శనివారం రాత్రో, సంక్రాంతి సెలవుల్లోనో వరసగా కాల్స్ పెడతాడు. లెక్క వేద్దాం: 10 చానెళ్లు (ఒకేసారి పది కాల్స్), 8 గంటలు అంటే 4,800 నిమిషాలు. నిమిషానికి 30 రూపాయలే అనుకుందాం, 1,44,000 రూపాయలు. ఒక్క రాత్రికి. బిల్లు మాత్రం షావుకారు పేరునే వస్తుంది, ఎందుకంటే కాల్ వెళ్లింది ఆయన లైన్లోంచే.

అందుకని పని రెండు భాగాలు. బయటి ఫోను లోపలికి వచ్చే దారి ఒకటి. వచ్చింది దొంగే అనుకుని, బయటికి డబ్బు పోయే దారికి తాళం వేయడం రెండోది. మనవాళ్లు మొదటిది సగం చేసి, రెండోది అసలు చేయరు. నా మట్టుకు నేను రెండోదే ముందు చేయమంటాను, ఎందుకంటే అది అరగంట పని.

ముందు ఆపరేటరుకి ఉత్తరం రాసి, ఐఎస్‌డీ అవసరం లేకపోతే వాళ్ల వైపునే మూయించండి. మీ పీబీఎక్స్‌లో మూసింది పీబీఎక్స్‌లోకి దూరినవాడు తెరవగలడు. ఆపరేటరు దగ్గర మూసింది వాడి చేతికందదు. రోజుకింత అని ఖర్చు పరిమితి పెట్టే వీలుంటే అదీ పెట్టించండి.

తర్వాత మీ అవుట్‌బౌండ్ రూట్, అంటే ఏ నంబర్లు బయటికి పోవచ్చో పీబీఎక్స్‌లో రాసే నియమం. చాలాచోట్ల డయల్ ప్యాటర్న్ "ఎక్స్ చుక్క" అని ఉంటుంది, అంటే ఏం నొక్కినా పోనీ అని. దాన్ని తీసేయండి. మన దేశంలో 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి కదా, ఆ నియమం ఇక్కడ మనకి కలిసొస్తుంది. మొబైలైనా, ఎస్‌టీడీ కోడ్‌తో ల్యాండ్‌లైనైనా సున్నా తర్వాత సరిగ్గా పది అంకెలు. విజయవాడ 0866 అయినా, గుంటూరు 0863 అయినా, హైదరాబాద్ 040 అయినా అంతే. విదేశానికైతే రెండు సున్నాలు. కాబట్టి ప్యాటర్న్ ఇలా రాయండి: సున్నా, తర్వాత జెడ్ అక్షరం, తర్వాత తొమ్మిది ఎక్స్‌లు. అస్టెరిస్క్‌లో ఎక్స్ అంటే 0 నుంచి 9 దాకా ఏదైనా, జెడ్ అంటే 1 నుంచి 9 దాకా మాత్రమే. రెండో అంకె సున్నా అయిన ప్రతి నంబరూ ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోతుంది. టోల్ ఫ్రీ 1800 కి విడిగా ఒక ప్యాటర్న్, లోకల్ ఏడంకెలకి ఒకటి. ఐఎస్‌డీ నిజంగా కావాల్సిన ఎగుమతి ఆఫీసైతే వేరే రూట్ పెట్టి, దానికి పిన్ పెట్టండి. ఆ రూట్‌ని ఆఫీసు లోపలి ఎక్స్‌టెన్షన్లకే ఇవ్వండి, బయటి ఫోనుకి వద్దు.

ఇదే ఊపులో ఇంకో మూడు చూసేయండి. అనామక సిప్ కాల్స్‌ని లోపలికి రానిచ్చే సెట్టింగ్ ఆపేయండి. బయటివాళ్లు ఫోను చేసి డయల్ టోన్ తీసుకునే డీసా సౌకర్యం వాడకపోతే తీసేయండి. మూడోది చాలామంది కంటపడదు: కాల్ డయల్ చేసేటప్పుడు అస్టెరిస్క్‌కి ఇచ్చే ఆప్షన్లలో పెద్ద టీ అక్షరం (T) ఉంటే, ఫోను చేసినవాడు తనే ట్రాన్స్‌ఫర్ చేసుకోగలడు. బయటి నుంచి వచ్చే కాల్స్‌కి అది ఉందంటే, ఎవరో ఒకడు మీ రిసెప్షన్‌కి ఫోను చేసి, తన కాల్‌ని మీ ట్రంక్ మీదుగా ఇంకో ఊరికి తిప్పుకోవచ్చు. చిన్న టీ (t) వేరు, అది ఫోనెత్తినవాళ్లకి. ఇన్‌కమింగ్‌కి చిన్న టీ మాత్రమే ఉంచండి.

ఇక దారి సంగతి. నేను సిఫారసు చేసేది ఒక్కటే: 5060 ని ప్రపంచానికి తెరవొద్దు, ఫోనుని వీపీఎన్ టన్నెల్లోంచి, అంటే ఇంటర్నెట్ మీదుగానే తాళం వేసి నడిపే సొంత దారిలోంచి తెచ్చుకోండి. అందులోనూ వైర్‌గార్డ్. 2020 లో లినక్స్ కెర్నెల్ 5.6 తో అది కెర్నెల్లోనే కలిసిపోయింది, వేగంగా ఉంటుంది, సెట్టింగ్ ఫైలు పది పదిహేను వరసలు దాటదు. దానికి మరో గుణం ఉంది. తాళంచెవి లేనివాడు తలుపు తడితే అది పలకదు. స్కానర్‌కి ఆ పోర్టు తెరిచి ఉన్నట్టే తెలియదు. 5060 అలా కాదు, ఎవరడిగినా "ఎవరండీ" అంటుంది.

దానికి ముందు ఒక పరీక్ష. ఆఫీసు రౌటర్లో వాన్ (WAN, బయటి నెట్ వైపు) ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు క్యారియర్ గ్రేడ్ నాట్ వెనక ఉన్నారు. అంటే ఒక పబ్లిక్ ఐపీని మీతోపాటు ఊళ్లో ఇంకెందరో పంచుకుంటున్నారు. అప్పుడు మీ రౌటర్లో పోర్టు ఫార్వర్డ్ ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. నెట్ ఇచ్చేవాళ్ల దగ్గర స్టాటిక్ ఐపీ, అంటే మీకే ప్రత్యేకమైన, మారని పబ్లిక్ ఐపీ తీసుకోండి. దొరకకపోతే ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న డేటా సెంటర్లో చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుని, ఆఫీసు పీబీఎక్సూ ఇంటి ఫోనూ రెండూ దానికి టన్నెల్ కట్టేలా చేయండి. తెనాలి ఇంటికి స్టాటిక్ ఐపీ అక్కర్లేదు, అటునుంచి బయల్దేరేది ఫోనే కదా. ఇంకోటి, ఫైబర్ వాళ్లు పెట్టిన డబ్బా ఒక రౌటరు, దాని వెనక మీరు కొన్నది ఇంకో రౌటరు ఉంటాయి. ఫార్వర్డ్ రెండింట్లోనూ చేయాలి, లేదా మొదటిదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటరు పని మానేసి నెట్‌ని నేరుగా దాటించేలా) పెట్టమని అడగాలి.

ఇప్పుడు టన్నెల్. పీబీఎక్స్ మీదే వైర్‌గార్డ్ పెట్టొచ్చు, రౌటర్ మీదా పెట్టొచ్చు. మైక్రోటిక్ అయితే రౌటర్ ఓఎస్ 7 నుంచి ఉంది. పీబీఎక్స్ మీద పెట్టామనుకుందాం. సర్వర్‌కి 10.77.0.1, తెనాలి ఫోనుకి 10.77.0.11. ఇల్లూ ఆఫీసూ రెండు చోట్లా 192.168.1 తో మొదలయ్యే అడ్రసులే ఉంటే, పీబీఎక్స్‌ని దాని ఆఫీసు అడ్రసుతో పిలిచిన ఫోను ఇంట్లోనే దాన్ని వెతుక్కుంటుంది. అందుకే ఎక్కడా లేని వరస తీసుకుని, ఫోనులో సర్వర్ అడ్రసుగా 10.77.0.1 నే ఇవ్వాలి. బయటికి తెరిచే పోర్టు ఒకే ఒక్కటి, యూడీపీ 51820. ఫోను వైపు అలౌడ్ ఐపీస్ (టన్నెల్లోంచి ఏ అడ్రసులకి పోవాలో చెప్పే వరస) దగ్గర 10.77.0.1/32, అంటే ఆ ఒక్క అడ్రసు మాత్రమే రాయండి. అక్కడ సున్నాలన్నీ పెట్టేస్తే అకౌంటెంటు గారి పిల్లలు చూసే వీడియోలు కూడా ఆఫీసు లైన్లోంచే పోతాయి. కీప్‌ఎలైవ్, అంటే దారి మూతపడకుండా అప్పుడప్పుడూ పంపే ఖాళీ కబురు, 25 సెకన్లు. ఇది లేకపోతే ఇంటి రౌటర్ కాసేపు కదలిక లేని దారిని మూసేస్తుంది, ఫోను నుంచి కాల్స్ వెళ్తాయి కానీ ఫోనుకి రావు. "మేం చేస్తే వెళ్తోందండీ, మాకు రావట్లేదు" అని ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది ఇదే.

టన్నెల్ వచ్చిందా లేదా అన్నది డబ్ల్యూజీ షో (wg show) కమాండు చెబుతుంది. అందులో లేటెస్ట్ హ్యాండ్‌షేక్, అంటే రెండు వైపులూ ఒకదాన్నొకటి ఆఖరుసారి గుర్తుపట్టి ఎంతసేపైందో చూడండి. మామూలుగా రెండు నిమిషాలకోసారి కొత్తది అవుతుంది. మూడు దాటి పెరుగుతూ పోతోందంటే టన్నెల్ చచ్చిపోయిందన్నమాట, ఇక సిప్ సెట్టింగులతో కుస్తీ పట్టకండి.

ఇక్కడ అందరూ జారే చోటు ఒకటుంది, కాస్త నిదానంగా చెబుతాను. టన్నెల్ వచ్చింది, ఫోను రిజిస్టర్ అయింది, మోగింది, ఎత్తారు. ఫోనులో నిశ్శబ్దం. తెనాలి వాళ్లు మాట్లాడితే ఇక్కడ వినిపించదు, ఇక్కడి మాట అక్కడికి చేరినా చేరకపోయినా ఒక్కోసారి ఒక్కోలా. కారణం ఏమిటంటే, కాల్ కుదుర్చుకునేటప్పుడు పీబీఎక్స్ "నా ఆడియో ఈ అడ్రసుకి పంపు" అని ఒక చీటీ రాసిస్తుంది. ఎదుటివాడు లోకల్ కాదనుకుంటే ఆ చీటీలో ఆఫీసు పబ్లిక్ ఐపీ రాస్తుంది. ఫోనేమో ఆడియోని టన్నెల్లోంచి కాకుండా నేరుగా ఆ పబ్లిక్ ఐపీకి పంపుతుంది, అక్కడ మనం తలుపు మూసేశాం. అందుకని ఫ్రీపీబీఎక్స్‌లో అస్టెరిస్క్ సిప్ సెట్టింగ్స్‌కి వెళ్లి, లోకల్ నెట్‌వర్క్స్ దగ్గర ఆఫీసు వరసతోపాటు 10.77.0.0 /24 కూడా చేర్చండి. ఒక్క వరస. దీన్ని మర్చిపోయి కోడెక్‌లు (మాటని డేటాగా మార్చే పద్ధతులు) మారుస్తూ సాయంత్రం చేసేస్తారు.

ఆ ఎక్స్‌టెన్షన్ పీజేసిప్ మీదే, అంటే అస్టెరిస్క్‌లో సిప్‌ని నడిపే కొత్త భాగం మీదే ఉండాలి. పాత చాన్ సిప్‌ని అస్టెరిస్క్ 21 లో తీసేశారు. డైరెక్ట్ మీడియా నో, ఆర్‌టీపీ సిమెట్రిక్ యెస్, రీరైట్ కాంటాక్ట్ యెస్. డైరెక్ట్ మీడియా యెస్ ఉంటే పీబీఎక్స్ పక్కకి తప్పుకుని రెండు ఫోన్లనీ నేరుగా మాట్లాడుకోమంటుంది. తెనాలి ఫోనుకీ మీ రిసెప్షన్ ఫోనుకీ మధ్య నేరుగా దారే లేదు కదా! రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అని ఉంటుంది, సాయం చేస్తానని వచ్చి సిప్ ప్యాకెట్లలో వేలు పెడుతుంది. టన్నెల్లో ఉన్నవాటిని అది తాకలేదు గానీ, ఆఫీసు ట్రంక్ కోసమైనా ఆపేయండి.

సరిగ్గా 32 సెకన్లకి కాల్ తెగిపోతోందా? అది లైను నాణ్యత కాదు. ఫోనెత్తాక వెళ్లాల్సిన ఏక్ అనే ఖరారు కబురు చేరడం లేదు. సిప్‌లో అరసెకనుని 64 తో హెచ్చవేస్తే వచ్చేదే ఆ 32, ఆ కబురు కోసం ఎదురుచూసే వైపు అంతసేపు చూసి కాల్ పెట్టేస్తుంది. కాంటాక్ట్ హెడర్లో ("నన్ను ఇక్కడ కలవండి" అని సిప్ కబురులో చెప్పే వరసలో) చేరలేని అడ్రసు ఉందేమో చూడండి. సెకన్లు లెక్కపెట్టకుండా "మధ్యలో కట్ అవుతోంది" అని చెప్పేవాళ్లతోనే మనకి చిక్కు. గడియారం పట్టుకోమనండి.

టన్నెల్లో వచ్చినంత మాత్రాన ఫోనుకి ఆఫీసంతా తిరిగే హక్కు లేదు. వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ నుంచి పీబీఎక్స్‌కి యూడీపీ 5060, ఆడియో పోర్టులు, ఇంతే. ట్యాలీ సర్వర్‌కీ, సీసీ కెమెరాలకీ, పీబీఎక్స్ వెబ్ తెరకీ దారి మూసేయండి. వెబ్ తెర మాట వచ్చింది కాబట్టి: దాన్ని ఏ పరిస్థితుల్లోనూ ఇంటర్నెట్‌కి చూపించకండి. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్ ఎండ్‌పాయింట్ మాడ్యూల్లో లోపం బయటపడేసరికే దొంగలు దాన్ని వాడేస్తున్నారు, దెబ్బతిన్నవి అడ్మిన్ తెర బయటికి తెరిచి ఉంచిన యంత్రాలు. పాస్‌వర్డు ఎంత పొడుగైనా అలాంటి లోపానికి అడ్డు రాదు.

ఏ ఫోను వాడాలి? కంప్యూటర్లోనో మొబైల్లోనో సాఫ్ట్‌ఫోన్ (ఫోనులా పనిచేసే యాప్) అయితే తేలిక, వైర్‌గార్డ్ యాప్ ఒకటి, లిన్‌ఫోన్ లాంటిది ఒకటి. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి రెండు యాప్‌లనీ మినహాయించాలి, లేకపోతే తెర ఆరిన కాసేపటికి ఫోను నిద్రపోతుంది, 201 మోగదు. బల్ల మీది ఐపీ ఫోన్లలో వైర్‌గార్డ్ కంటే ఓపెన్ వీపీఎన్ ఎక్కువగా కనిపిస్తుంది. అది వాడితే యూడీపీలోనే పెట్టండి. టీసీపీలో పెడితే ఒక ప్యాకెట్ తప్పిపోగానే దాని కోసం వెనక ఉన్నవన్నీ ఆగుతాయి, మాట నత్తినత్తిగా వస్తుంది. ఏ వీపీఎన్నూ లేని ఫోనైతే ఇంట్లో ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకి వేసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) ఉన్న చిన్న రౌటర్ పెట్టి, టన్నెల్ దాని మీదే కట్టి, ఆ ఫోనుని దానికే తగిలించండి. ఫోను వెబ్ తెరకున్న అడ్మిన్, అడ్మిన్ పాస్‌వర్డు మార్చడం మర్చిపోకండి. ఆ ఫోనుకి సెట్టింగులు ఫైలు రూపంలో పంపితే, ఆ ఫైలు పేరు సాధారణంగా ఫోను మ్యాక్ అడ్రసే. అందులో సగం తయారీదారు సంఖ్య, అందరికీ తెలిసిందే. మిగతా సగాన్ని యంత్రం ఓపిగ్గా ఊహిస్తుంది. ఫైల్లో మీ సిప్ పాస్‌వర్డు ఉంటుంది. కాబట్టి ఆఫీసులోనే సెట్ చేసి, పెట్టెలో పెట్టి తెనాలి పంపడం మేలు.

నెట్ ఎంత కావాలని అడుగుతారు. జీ 711 కోడెక్‌తో సెకనుకి 50 ప్యాకెట్లు, ఒక్కోటి హెడర్లతో 200 బైట్లు, అంటే 80 కిలోబిట్లు. వైర్‌గార్డ్ చుట్టిన తర్వాత 105 దాటుతుంది. ఒక్కో వైపు. ఐదు బయటి కాల్స్‌కి అర మెగాబిట్ పైచిలుకు, మన ఫైబర్‌కి అదో లెక్కా! ఇబ్బంది వేగంతో రాదు, జిట్టర్‌తో, అంటే ప్యాకెట్లు సమయం తప్పి ఎగుడుదిగుడుగా చేరడంతో వస్తుంది. ఎవరో సీసీ కెమెరా వీడియో క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే ఆఫీసు అప్‌లోడ్ నిండిపోయి మాట తెగుతుంది. రౌటర్లో ఫోను ప్యాకెట్లకి ముందు వరస ఇవ్వండి. వేసవిలో కరెంటు సంగతి మీకు తెలుసు, తెనాలిలో ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ ఫోనుకీ ఇన్వర్టర్ కనెక్షన్ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి ఆరినా 201 లేనట్టే.

వెనక నుంచి ఒకరు అడుగుతున్నారు: వీపీఎన్ అసలు కుదరని చోట ఏం చేయాలని. కుదిరించుకోండి అంటాను ముందు. తప్పదంటే సిగ్నలింగ్‌కి, అంటే కాల్ కుదుర్చుకునే కబుర్లకి తాళం వేసే టీఎల్ఎస్ మీద 5061, ఆడియోకి తాళం వేసే ఎస్ఆర్‌టీపీ, రెండూ కలిసే ఉండాలి. ఎస్ఆర్‌టీపీ తాళంచెవి సిగ్నలింగ్‌లోనే వెళ్తుంది, సిగ్నలింగ్ తెరిచి ఉంచి ఆడియోకి తాళం వేయడం అంటే తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులది. అది కొత్తదైనా అస్టెరిస్క్ పాతదాన్నే పట్టుకుని కూర్చోవచ్చు, రీలోడ్ చేసే ఏర్పాటు కూడా ఉండాలి. ఫోను గడియారం తప్పుగా ఉంటే సర్టిఫికెట్ చెల్లదంటుంది, నెట్ నుంచి సమయం సరిచేసుకునే ఎన్‌టీపీ ఇవ్వండి. పాస్‌వర్డు కలగాపులగంగా 20 అక్షరాలు, ఎందుకంటే సిప్‌లో సాధారణంగా వాడే ఎండీ5 డైజెస్ట్‌ని (పాస్‌వర్డుకి బదులు దాన్నుంచి లెక్కకట్టి పంపే ముద్రని) పట్టుకున్నవాడు ఇంట్లో కూర్చుని తీరిగ్గా విప్పుకోగలడు. ఫైర్‌వాల్లో మన దేశపు ఐపీలకే అనుమతి ఇవ్వండి. పదేపదే తప్పు పాస్‌వర్డు వేసే ఐపీని అడ్డుకునే ఫెయిల్ టు బ్యాన్ ప్రోగ్రాము పెట్టండి, పది నిమిషాల్లో ఐదుసార్లు తప్పితే ఒక రోజు నిషేధం. అయితే అస్టెరిస్క్ లాగర్లో సెక్యూరిటీ అనే స్థాయి ఆన్ చేయాలి. అది లేకపోతే చాలా దాడులు ఫెయిల్ టు బ్యాన్ కంటపడకుండానే పోతాయి. 5060 ని 5160 కి మారిస్తే లాగ్‌లో గోల తగ్గుతుంది. అంతకుమించి దానికి గౌరవం ఇవ్వకండి.

ఫెయిల్ టు బ్యాన్‌తో ఎదురుదెబ్బ ఒకటి. పాస్‌వర్డు మార్చాక పాత పాస్‌వర్డుతో ఒక ఫోను మూలన పడి ప్రయత్నిస్తూనే ఉంటుంది, దానివల్ల ఆ ఇంటి ఐపీ మొత్తం నిషేధంలోకి పోతుంది. అదే క్యారియర్ గ్రేడ్ నాట్ ఐపీ అయితే ఆ చుట్టుపక్కల ఉన్న మీ మిగతా వాళ్ల ఫోన్లు కూడా పోతాయి. "నిన్నటిదాకా బాగుందండీ" అంటే ముందు నిషేధాల జాబితా చూడండి.

అప్పజెప్పే ముందు తెనాలి నుంచి ఈ వరసలో పరీక్షించండి. స్టార్ 43 కొడితే ఎకో టెస్ట్, మీ గొంతు మీకే తిరిగి రావాలి. వచ్చిందంటే రెండు వైపులా ఆడియో బాగున్నట్టు. తర్వాత లోపలి ఎక్స్‌టెన్షన్‌కి, తర్వాత ఒక మొబైల్‌కి చేసి, నిమిషం దాటేదాకా మాట్లాడండి, 32 సెకన్ల జబ్బు ఉంటే తేలిపోతుంది. ఫోనుని పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలి బయటి నుంచి చేయండి, కీప్‌ఎలైవ్ తేలుతుంది. ఆఖరున 00 తో మొదలయ్యే నంబరు కొట్టండి, అది వెళ్లకూడదు. వెళ్తే మీ పని మిగిలి ఉంది. ఫోను మీద చిన్న చీటీ అంటించండి: 112, 108 లకి దీన్నుంచి చేయొద్దు, మొబైల్ వాడండి అని. కాల్ గుంటూరు ఆఫీసు లైన్లోంచి పోతుంది, మనిషేమో తెనాలిలో ఉంటాడు.

ఇంకో ప్రశ్న: ఉద్యోగి మానేస్తే? అందుకే వైర్‌గార్డ్‌లో ఒక్కో పరికరానికి ఒక్కో తాళంచెవి (కీ) ఇవ్వాలి. ఒకే కాన్ఫిగ్ నలుగురికి పంచితే ఒకర్ని తీయాలంటే నలుగురినీ తీయాలి. పైగా ఒకే కీ రెండు చోట్ల వాడితే, ఎవరు ఆఖర్న ప్యాకెట్ పంపితే టన్నెల్ వాళ్ల వైపు తిరుగుతుంది, ఇద్దరి ఫోన్లూ వంతులవారీగా చస్తుంటాయి. తీసేటప్పుడు కమాండుతో పియర్‌ని (సర్వర్లో ఆ పరికరం పేరిట ఉన్న నమోదుని) తీసేస్తే ఆ క్షణమే పోతుంది గానీ, ఫైల్లో ఉండిపోతే సర్వర్ మళ్లీ లేచినప్పుడు తిరిగొస్తుంది. ఫైల్లో మాత్రమే తీసేస్తే రీలోడ్ చేసేదాకా బతికే ఉంటుంది. రెండూ చేయండి, ఆ ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డు మార్చండి, దాని మీద కాల్ ఫార్వర్డ్ ఏదైనా పెట్టి వెళ్లారేమో చూడండి. డబ్ల్యూజీ షో కొట్టి ఆ పియర్ కనిపించడం లేదని చూశాకే కుర్చీలోంచి లేవండి.